పదకొండు తెల్ల చుక్కలు

పిచ్చుక అన్న పేరు పెట్టింది అన్నయ్యే, చిన్నప్పుడు నోరు మూయకుండా వాగేదని. ఇప్పుడామెకి యాభై ఆరేళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి, ముక్కు మీద లావుపాటి కళ్ళద్దాలు వచ్చాయి. అయినా ఆ వీధికి ఆమె పిచ్చుకే.

ఊదే వాద్యాలు బాగుచేసే కొట్టు ఆమెది, తండ్రి చేతుల మీదుగా వచ్చింది. క్లారినెట్టో ఫ్లూటో సాక్సోఫోనో, ఏదైనా ఎక్కడ గాలి వదులుతోందో ఆమె పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. కిటికీ తెర లాగి గది చీకటి చేస్తుంది. గొట్టంలోకి సన్నటి దీపం దించి, ఏ మూత కింద నుంచి వెలుగు కారుతోందో చూస్తుంది. అప్పటికీ దొరక్కపోతే మూత కింద పల్చటి కాగితం ముక్క పెట్టి, మూత నొక్కి, మెల్లగా లాగుతుంది. కాగితం బిగిసి పట్టుకుంటే మూత మంచిది. సుతారంగా జారి వచ్చేస్తే దొంగ దొరికినట్టే.

అంత పనిమంతురాలు, సొంత అన్నయ్య విషయంలో నాలుగు నెలలు కళ్ళు మూసుకుంది. మూసుకోవడం అనడం కూడా తప్పే. కళ్ళు తెరుచుకునే చేసింది.

కొట్టులో పని బల్లకి ఎదురుగా ఒక అటక ఉంది. మనుషులు ఒక వయసు దాటాక వాద్యం పట్టుకొస్తారు. "ఇంక నావల్ల కాదమ్మా, నీ దగ్గరే ఉంచు, ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యి" అంటారు. బల్ల మీద పెట్టి, పెట్టె మూత మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకి ఎవరో వచ్చి ఫలానా ఆయన పోయారని చెబుతారు. అలా పద్దెనిమిది పెట్టెలు చేరాయి. నెలకోసారి అన్నీ దించి తుడుస్తుంది. ఎవరికీ ఇవ్వలేదు. వాద్యం కొట్టుకి వచ్చిన రోజుకీ మనిషి పోయిన రోజుకీ మధ్య ఎంత కొద్ది కాలం ఉందో ఆమె ఏనాడో లెక్కవేసింది. ఆ లెక్క వేయకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

అన్నయ్య నాటకశాల వాద్యబృందంలో ముప్పై ఎనిమిదేళ్ళు క్లారినెట్ ఊదాడు. తోటివాళ్ళు పెట్టిన పేరు తిమింగలం. ఒక నాటకంలో చివరి దృశ్యం అయ్యాక దీపాలు ఆరుతాయి, తెర దిగుతుంది, ఆ తెర అంచు నేలకి తాకేదాకా క్లారినెట్ ఒకే స్వరం పట్టి ఉంచాలి. ఒకసారి తెర మధ్యలో ఇరుక్కుపోయింది. తెర లాగేవాడు నిచ్చెన ఎక్కి తాడు విడిపించేదాకా అన్నయ్య ఊదుతూనే ఉన్నాడట. జనం నాటకానికి కొట్టిన చప్పట్ల కంటే ఆ స్వరానికి కొట్టినవి ఎక్కువట. ఆ కథ ఆయన చెప్పినప్పుడల్లా నిచ్చెనకి రెండు మెట్లు పెరిగేవి.

అలాంటి ఆయనకి ఒక సాయంత్రం తెర ఇంకా నేలకి మూడడుగుల ఎత్తులో ఉండగానే స్వరం తెగిపోయింది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టరు చెప్పింది. మందులు రాసి, రెండు నెలలకోసారి వచ్చి మిషన్లో ఊది వెళ్ళమంది. మర్నాడు ఆయన క్లారినెట్ పెట్టె తెచ్చి పిచ్చుక బల్ల మీద పెట్టాడు.

"అటక మీద పెట్టెయ్యి" అన్నాడు.

ఆమె పెట్టలేదు. బల్ల కింద, కాళ్ళకి తగిలేచోట దాచింది.

తర్వాత వదిన రోజూ ఫోను. "గోడకి కొట్టిన మేకులా కూర్చుంటున్నారు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. నువ్వొచ్చి నాలుగు మాటలు వాగు, మీ అన్నయ్యకి నీ వాగుడంటేనే ప్రాణం."

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సంగీతం టీచరమ్మ కొత్త విండ్ కంట్రోలరు కొనుక్కుని, పాతదాన్ని పిచ్చుకకి ఇచ్చేసింది. కరెంటుతో పలికే ఊదుడు వాద్యం అది. అప్పటిదాకా పిచ్చుక దాన్ని వెక్కిరించేది. కానీ ఆ రోజు సంచిలో వేసుకుని తిన్నగా అన్నయ్య ఇంటికి పోయింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటే, పళ్ళు తోముకునేదా?"

"ఊది చూడు."

"రీడేది?"

"ఉండదు."

"రంధ్రాలు?"

"ఉండవు. మీటలు కూడా కదలవు, వేలు తగిలితే చాలు."

"మరేముండి ఏడ్చిందే ఇందులో?"

"నీ ఊపిరిని కొలిచే బిళ్ళ ఉంది. నువ్వెంత ఊదితే దీనికి తగిలించిన స్పీకరు పెట్టె అంత పలుకుతుంది. క్లారినెట్ గొంతు కావాలంటే క్లారినెట్, ఫ్లూట్ కావాలంటే ఫ్లూట్."

"అంటే ఊదేది నేను, పాడేది ఇంకొకడు. బాగుందే. పెళ్ళి నాది, కాపురం పక్కింటివాడిది అన్నట్టు."

వంటింట్లోంచి వదిన నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో. నవ్వు విని ఆయనా దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. స్వరం వచ్చింది, వచ్చినంత త్వరగా తెగిపోయింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ తెగింది. ఆయన ముఖం చూసి పిచ్చుక చటుక్కున లాక్కుంది.

"ఆగన్నయ్యా, ఇది ఆ టీచరమ్మ ఊపిరికి సరిపెట్టి ఉంది. ఆవిడ పిలిస్తే వీధి చివరి కుక్క లేచి నిలబడుతుంది. నీకు మార్చాలి."

అడుగున రబ్బరు మూత, దాని కింద నాలుగు చిన్న స్క్రూలు. ఒకటి ఊపిరిది. అటు తిప్పితే గట్టిగా ఊదితే గాని పలకదు, ఇటు తిప్పితే నిట్టూర్చినా పలుకుతుంది. ఆమె కాస్త ఇటు తిప్పింది. ఎక్కడ ఆపిందో గుర్తుకి బ్రష్షుతో తెల్లరంగు చుక్క పెట్టింది. ఏ వాద్యానికైనా అలా పెట్టడం ఆమెకి తండ్రి నేర్పిన అలవాటు. అన్నయ్య చూస్తుండగానే పెట్టింది. చెప్పులు కాలికి సరిపెట్టుకున్నట్టే అది. అందులో తప్పు లేదు.

నెల రోజులు వేళ్ళు తిట్టుకున్నాయి. క్లారినెట్లో బొటనవేలి మీట నొక్కితే స్వరం పన్నెండో మెట్టుకి ఎగురుతుంది, ఇందులో ఎనిమిదో మెట్టుకే. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు ఆయన్ని ప్రతి పాటలోనూ తప్పు గుమ్మంలోకి తీసుకెళ్ళేది. "ఈ ముసలివేళ్ళకి కొత్త ఇల్లు చూపిస్తున్నావే పిచ్చుకా" అని నవ్వేవాడు. ఊపిరిలోని తేమ గొట్టం చివర చుక్కలు చుక్కలుగా కారితే వదిన కింద గుడ్డ పరిచి, "చంటిపిల్లాడికి పరిచినట్టు పరుస్తున్నాను" అనేది. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది.

అప్పుడు ఒక రోజు ఆయన ఆ కరెంటు గొట్టం పట్టుకుని కొట్టుకి వచ్చాడు. "రెండు రోజుల్నించి మూలుగుతోందే. పైన స్వరాలు నిలబడడం లేదు. ఎక్కడో లీకుంది, చూడు."

 ఆ గొట్టంలో లీకు అవ్వడానికి చోటే లేదు. అతుకులు లేవు, మూతలు లేవు. కానీ క్లారినెట్ మనిషికి స్వరం బలహీనపడితే మొదట వచ్చే ఆలోచన అదే. వాద్యం గాలి వదులుతోంది, బాగుచేసేవాళ్ళకి ఇవ్వాలి. తన ఛాతీ గురించి ఎందుకు ఆలోచిస్తాడు? చెప్పాలనే అనుకుంది. తలెత్తితే ఎదురుగా అటక.

"సాయంత్రం తీసుకెళ్ళు" అంది.

సాయంత్రం ఇస్తూ, "లోపల తేమ చేరిందన్నయ్యా. తుడిచాను" అంది. స్క్రూ ఇంకాస్త ఇటు తిప్పి, మొదటి చుక్క పక్కన రెండో చుక్క పెట్టి ఉంచింది.

ఆయన అక్కడే ఊదాడు. స్వరం సాఫీగా సాగింది. "నీ చేతిలో ఏముందే!" అని ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకి ఆమె మెడ వంగిపోయింది.

పది పన్నెండు రోజులకోసారి తేమ చేరుతూనే ఉంది. మూడో చుక్క, నాలుగు, ఐదు. ఒక అబద్ధం గుమ్మంలో కాలు పెట్టాక దాని చుట్టాలందరికీ మంచాలు వేయాలి. ఒకసారి తేమ, ఒకసారి దుమ్ము, ఒకసారి తీగ వదులు. చుక్కల మధ్య దూరం మాత్రం పెరుగుతూ వచ్చింది. ఆసుపత్రివాళ్ళకి రెండు నెలలకోసారి తెలిసే సంగతి పిచ్చుకకి పది రోజులకోసారి తెలిసేది. తెలిసి ఆమె అన్నం మానేసేది, మళ్ళీ స్క్రూ తిప్పేది. ఆసుపత్రిలో ఎలాగూ చూస్తున్నారుగా, మందులు పడుతూనే ఉన్నాయిగా, నేను తిప్పేది పాటనే కదా అని తనకి తాను సర్దిచెప్పుకునేది.

పదకొండో చుక్క పెట్టిన వారానికి బావ వచ్చాడు. మేనత్త కొడుకు, నాటకశాలలో డ్రమ్ములు వాయించేవాడు, నోరు కూడా డ్రమ్మే. ఆ వేళకి పిచ్చుక అన్నయ్య ఇంట్లోనే ఉంది.

"ఏమోయ్ తిమింగలం, ఒడ్డున పడ్డావని విన్నాను."

"పడ్డాను. మళ్ళీ నీళ్ళలోకి దిగాను. ఇదిగో, లెక్కపెట్టు." అన్నయ్య గొట్టం అందుకుని ఒకే స్వరం లాగాడు. బావ వేళ్ళతో బల్ల మీద లెక్కవేశాడు. ఇరవై దాటింది.

"ఓరి నీ కడుపు చల్లగా! ఏమే మరదలా, ఏం తినిపిస్తున్నావే వీడికి? నాకూ కాస్త పెట్టు."

తేలు కుట్టిన దొంగలా పిచ్చుక కింద పరిచిన గుడ్డ సర్దింది.

"మందుల్లో ఏముంది బావా" అన్నాడు అన్నయ్య, ఛాతీ మీద చరుచుకుంటూ. "సాధన. ఊదితేనే ఊపిరి."

"అయితే ఇంక అడ్డేముంది! నాటకశాలకి కొత్త తెర కట్టారు. వచ్చే నెల పాతవాళ్ళమంతా కలిసి మన నాటకం వాయిస్తున్నాం. ఆఖరి స్వరం నీది. కానీ ఈ ప్లాస్టిక్ పుల్లతో కాదురోయ్, కర్రదానితో."

"కర్రదానితోనే" అన్నాడు అన్నయ్య. ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. "పిచ్చుకా, అటక మీంచి నా పెట్టె దించు. మూతలన్నీ మార్చు. పది రోజుల్లో కావాలి."

ఆమె మూడు రోజుల్లో చేసింది. జన్మలో అంత బాగా ఏ వాద్యాన్నీ చేయలేదు. పాత మూతలు తీసి కొత్తవి కూర్చింది, అతుకుల దగ్గర కొత్త బెరడు చుట్టింది, నల్లకర్రకి నూనె పట్టించింది. దీపం దించితే ఒక్క మూత కింద కూడా వెలుగు రాలేదు. పూర్తయ్యాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీన్ని ఇస్తే జనం ముందు ఆయన పరువు పోతుంది. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో చెప్పాలి. కర్రని ఎండలో పెడితే చీలుతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన చేతి మీద తనే చరుచుకుంది. చీల్చలేదు. చీలిందని మాత్రం ఫోన్లో చెప్పింది.

"చీలడమేంటే?"

"లోపలికి చీలిందన్నయ్యా, పై ముక్కలో. ఊదడానికి పనికిరాదు. ఆ రోజు ఆ ప్లాస్టిక్‌దే వాయించు, అందరూ వాయిస్తున్నారు ఇప్పుడు."

అరగంటలో ఆయన కొట్టులో ఉన్నాడు. నాలుగు వీధులు నడిచి వచ్చి, గుమ్మం పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాడు. మాట వచ్చాక, "ఏది, చూపించు" అన్నాడు.

"కంటికి కనపడదు."

"మన నాన్న కనపడని చీలికలు ఎలా పట్టాలో నీకొక్కదానికే నేర్పలేదు."

కిటికీ తెర ఆయనే లాగాడు. దీపం ఆయనే దించాడు. నల్లటి కర్ర నల్లగానే ఉంది. ఎక్కడా గీత లేదు. ఆయన రెల్లుతో చేసిన రీడు నాలుక మీద తడిపి బిగించి, నిలబడి ఊదాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. స్వరం వణికింది, తెగింది. దగ్గు తెర ఆయన్ని బల్ల మీదికి వంచేసింది.

దగ్గు తగ్గాక ఆయన కాగితం అడిగాడు. ఆమె ఇచ్చింది. ఒక్కొక్క మూత కిందా కాగితం పెట్టి, నొక్కి, లాగి చూశాడు. తొందరపడలేదు. పిచ్చుక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాగితం ప్రతిసారీ బిగిసి పట్టుకుంటూనే ఉంది. ఏ ఒక్కటైనా జారితే బాగుండునని ఆమె దేవుళ్ళందరికీ మొక్కింది.

ఆఖరి మూత అయ్యాక కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. "చాలా బాగా చేశావే. ఎక్కడా పోవడం లేదు." క్లారినెట్‌ని పక్కన పెట్టి అడిగాడు. "మరి ఇంట్లో ఆ గొట్టం మీద ఇరవై ఎలా లెక్కపెడుతున్నాను?"

గొట్టం అక్కడే ఉంది, మొన్ననే మళ్ళీ మూలుగుతోందని ఇచ్చివెళ్ళాడు. పన్నెండోసారి తిప్పడానికి చెయ్యి రాక అలాగే ఉంచింది. ఇప్పుడు దాన్ని తిరగేసి, రబ్బరు మూత తీసి ఆయన ముందు పెట్టింది. 

ఆయన దీపం దగ్గరికి లాక్కున్నాడు. ఆ చుక్కల అర్థం ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎన్నున్నాయి?"

"పదకొండు."

"మొదటిది నా ముందే పెట్టావు."

"అవును."

"మిగతా పది?"

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఆయన కోపం లేకుండా, వేరెవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "నేను ఆసుపత్రికి వెళ్ళడం మానేశాను. రెండుసార్లు పిలిచారు. ఊపిరి తిరిగొచ్చింది కదా, ఇంకెందుకనుకున్నాను. మందులూ మానేశాను, నోరు చేదుగా ఉంటోందని. మీ వదినకి వెళ్ళొచ్చానని చెప్పి పార్కు బెంచీ మీద కూర్చుని వచ్చేవాణ్ణి."

 పాటనే తిప్పుతున్నాననుకుంది పిచ్చుక. మందుల్ని కూడా తన చేత్తోనే తిప్పిపారేసిందని ఇప్పుడు తెలిసింది.

"అబద్ధాల్లో మాత్రం ఒక తల్లి బిడ్డలమేనే" అన్నాడాయన. నవ్వబోతే దగ్గు వచ్చింది. "ఎందుకు చేశావు?"

"అటక మీద పెట్టమన్నావు కదన్నయ్యా."

ఆయన తలెత్తి ఆ పద్దెనిమిది పెట్టెలనీ చూశాడు. "పెడితే ఏమయ్యేది? దుమ్ము పట్టేది. తుడిచేదానివి." క్లారినెట్‌ని పెట్టెలో కూడా పెట్టకుండా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె వెంట వెళ్ళబోతే, వెనక్కి తిరక్కుండానే చేత్తో వద్దన్నాడు.

మూడో రోజు వదిన వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డాక్టరమ్మ చూసింది. పోయింది రాదంది. ఇప్పట్నించి మందులు మానకపోతే ఉన్నది కొన్నాళ్ళు నిలబడుతుందట. ఈ నాలుగు నెలలూ మానకుండా ఉండుంటే ఇంకాస్త మిగిలేదట."

"ఇంకాస్త అంటే ఎంత వదినా?"

"నన్నడుగుతావా? ఆ కొలతలు నీకే బాగా తెలుసుగా."

పిచ్చుక తల వంచుకుంది. వదినకి అప్పటికి కన్నీళ్ళు వచ్చేశాయి. "ఆయన నవ్వితే నేను మురిసిపోయాను. నీళ్ళు కారుతున్నాయని గుడ్డలు పరిచాను. నన్నూ గుడ్డిదాన్ని చేశావు. చెప్పుంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదే" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "తింటున్నావా?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు.

నాటకశాలలో ఆఖరి స్వరం ఇంకొకాయన ఊదాడు. పిచ్చుక వెళ్ళలేదు. బావ మర్నాడు ఫోన్లో చెప్పాడు. "నావల్ల కాదు, వేరేవాణ్ణి చూసుకోమని మీ అన్నయ్య చెప్పినప్పుడు నేనే ముందు ఏడ్చాను మరదలా. వాడే నన్ను ఓదార్చాడు. ముందు వరసలో కూర్చుని, తెర కిందికి తాకాక లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బాగానే ఉన్నాడులే." బావ గొంతు అంత మెల్లగా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆరు వారాలు అన్నయ్య కొట్టుకి రాలేదు, ఫోను చేయలేదు. ఆమె మూడుసార్లు ఆయన వీధి దాకా వెళ్ళి మలుపులో తిరిగి వచ్చేసింది. లోపలినుంచి ఏ స్వరమైనా వినిపిస్తుందేమోనని నిలబడేది. వినిపిస్తే ఎన్ని లెక్కపెట్టగలడో వినాల్సి వస్తుందని భయపడేది. ప్రతి దీపం ఆర్పేముందు, ప్రతి ముద్ద మింగేముందు "ఇంకాస్త" అన్న ఆ ఒక్క మాట వచ్చి ఎదురుగా కూర్చునేది.

ఒక ఉదయం ఫోను మోగింది. "రేపు పదింటికి ఆసుపత్రిలో మిషన్ పరీక్ష. రా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆసుపత్రి వరండాలో వదిన పక్కన కుర్చీ మీద సంచి ఉంది. వదిన అది తీసి చోటిచ్చింది.  పేరు పిలిచాక ఆయన లేచి, పిచ్చుక వైపు చూసి, "లోపలికి రా" అన్నాడు.

చిన్న గది. బల్ల మీద కంప్యూటరు తెర, ఒక గొట్టం, చివర అట్టతో చేసిన తెల్లటి ఊదుడు ముక్క. పరీక్ష చేసే అమ్మాయి ముక్కుకి క్లిప్పు పెట్టబోతూ, "ఈవిడెవరండీ? బయట కూర్చోవాలి" అంది.

"మా చెల్లెలు. వాద్యాలు బాగుచేస్తుంది. ఉండనీ అమ్మా" అన్నాడాయన. "కానీ మిషన్ని మాత్రం ముట్టుకోనివ్వకు."

ఆ అమ్మాయి జోకనుకుని నవ్వింది. పిచ్చుకకి ముఖం జేవురించింది. అయినా బయటికి పోలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడ పక్కన నిలబడింది.

"గట్టిగా పీల్చండి. ఇంకా. ఊదండి! ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా…"

తెర మీద గీత లేచి, వంగి, కిందికి దిగింది. అది పక్కనే చూపిస్తున్న పోయినసారి గీత ఎత్తుకి రాలేదు. ఎంత తక్కువో పిచ్చుకకి ఒక్క చూపులో తెలిసింది, స్క్రూ ఎంత తిప్పాలో తెలిసినట్టే.

అన్నయ్య తెర వైపు చూడలేదు. ముక్కుకి క్లిప్పుతో, రొప్పుతూ, చెల్లెలి ముఖం వైపు చూస్తున్నాడు.

ఆమె ముఖం మార్చుకోలేదు. చూసింది చూసినట్టే ఆయనకి కనపడనిచ్చింది.

"ఊఁ" అన్నాడాయన. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఇంకోసారి ఊదమంటావా?" అని అడిగాడు.